మినార్ పక్కన చుక్క

శుక్రవారం పొద్దున స్టూడియో తలుపు తీస్తుండగానే కబురు వచ్చింది, డ్రాయింగ్ మాస్టర్ సాబ్ ఇక లేరని. నిద్రలోనే పోయారట. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఏళ్ల తరబడి అడుగుతున్న ఒక్క మాటకు జవాబు చెప్పకుండా పోయారు మహానుభావుడు!

మా గల్లీ బడిలో పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పేవారాయన. బడి వదిలాక చార్మినార్ వెనకున్న నా స్టూడియో మిద్దె మీదే మకాం. చేతిలో డబ్బా కెమెరా. గద్ద, డేగ, రాబందు, ఏది ఎగిరినా ఫోటో తీయాల్సిందే. కడిగి అచ్చు వేసే ఖర్మ నాది. అచ్చులో ఏముంటుంది? ఓ మూల మినారు, ఓ మూల చుక్క. "జర పెద్దగ చెయ్యి" అనేవారు. పెద్దగా చేస్తే చుక్కే పెద్దదయ్యేది తప్ప పక్షి అయ్యేది కాదు.

"రంగు సూడకు, ఫోటోల రంగు అబద్ధమాడుతది. రెక్క కొన సూడు, తోక సూడు. గద్ద తోక నడుమ చీలి ఉంటది, డేగ రెక్క కొనదేలి ఉంటది" అని భూతద్దం చేతికిచ్చేవారు. సరే కదా అని నేను డేగ అంటే, "గద్ద గూడ రెక్కలు ముడిస్తె గట్లనే కనవడ్తది" అనేవారు. పోనీ గద్ద అంటే, "తోకనే కనవడ్తలేదు, ఎట్లంటవ్?" మరేంది మాస్టర్ సాబ్? "తెలవదు." ఆ మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

అసలు సంగతి చెప్తాను వినండి. ఒక నవాబుగారి దేవిడీలో, అదే ఆయన పెద్ద బంగళాలో, వేట డేగల్ని సాకే భాయ్ ఉండేవాడు, బార్కస్ బస్తీ మనిషి. ఒకనాడు వేటకు వదిలిన డేగ తిరిగి రాలేదు. భాయే ఎవరికో అమ్ముకున్నాడని దేవిడీ మొత్తం కోడై కూసింది. కాలికి తోలుపట్టీ ఉన్న డేగ మినార్ల దగ్గర తిరుగుతోందని ఎవరో చెబితే, భాయ్ ఉరుకుతూ మా మిద్దెకు వచ్చాడు.

"ఒక్క ఫోటో తియ్యిండ్రి మాస్టర్ సాబ్. నా ఇజ్జత్ మీ చేతిల ఉన్నది."

యుద్ధం మూలంగా బజారులో ఫిల్ము దొరకని రోజులవి. కెమెరాలో ఒకే ఒక్క ఫోటోకు చోటుంది. భాయ్ తాడుకు మాంసం ముక్క కట్టి, డేగను పిలుస్తూ గిరగిరా తిప్పడం మొదలుపెట్టాడు. అదిగో, అక్కడే చెడింది. మా దగ్గర కష్టం తొలగాలంటే సద్కా అని గద్దలకు మాంసం వేస్తారు. పక్క మిద్దెల వాళ్లు భాయ్ కూడా అదే చేస్తున్నాడనుకున్నారు. పాపం, కష్టంలో ఉన్నాడని తలా ఇంత మాంసం తెచ్చి వాళ్లూ విసిరారు!

"ఫికర్ చెయ్యకు భాయ్, నీ కోసం మేం గూడ ఏస్తున్నం!" అని పక్కింటి ఖాలా కేక.

పట్నంలోని గద్దలన్నీ మా నెత్తి మీదికే వచ్చాయి. ఆ లొల్లిలో మినార్ పక్కనుంచి ఒక పక్షి ఒంటరిగా దూసుకుపోయింది. మాస్టర్ సాబ్ మీట నొక్కారు.

అచ్చులో ఆ ఒంటరి చుక్క రెక్కలు కొనదేలే ఉన్నాయి. తోక మసక. కాళ్ల దగ్గర సన్నటి గీత, తోలుపట్టీయో, ఫిల్ము మీది గీతో. భాయ్ కళ్లకద్దుకుని "నాదే, నా డేగనే!" అన్నాడు. నాకూ డేగేననిపించింది. దేవిడీ మున్షీ వచ్చి కూర్చున్నాడు.

"మీరు చెప్పుండ్రి మాస్టర్ సాబ్. నవాబ్ సాబ్ మీ మాట మీదనే ఫైసలా చేస్తరు."

ఒక్క 'అవును' చాలు. వెనక నిలబడి ఆయన చొక్కా లాగాను కూడా. ఆయన భూతద్దం దించి, "డేగ కావొచ్చు. గద్ద గూడ కావొచ్చు. నాకు తెలవదు" అన్నారు.

భాయ్ కొలువు పోయింది. నేను ఊరుకోలేదు. "అవునంటే మీ నోటి ముత్యాలు రాలుతుండెనా?" అని అరిచాను.

"కనవడనిది కనవడ్డదంటె, రేపు కనవడ్డది చెప్పినా ఎవడు నమ్ముతడు?" అన్నారు. ఆ పూట ఇంట్లో అన్నం ముట్టలేదని తర్వాత తెలిసింది.

మర్నాటి నుంచి ఫిల్ము లేని కెమెరా పట్టుకునే మిద్దె ఎక్కేవారు, కంటితోనైనా చూసి మున్షీకి చెబుతానని. చిత్రం ఏమంటే, భాయ్ కూడా వచ్చి పక్కన కూర్చునేవాడు. చాయ్ చల్లారిపోయేది, ఇద్దరూ మెడలు పట్టేసేదాకా పైకే చూసేవారు. ఆ డేగ మళ్లీ కనబడలేదు. నాకు ఒళ్లు మండేది, ఫోటోలోది డేగో గద్దో తేల్చమని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాను. ఫిల్ము మళ్లీ బజారుకొచ్చినా ఆయన ధ్యాస పాత ఫోటో మీదే. "ఇంకోపారి జర తెల్లగ ఎయ్యి", "ఈపారి నల్లగ ఎయ్యి." మొన్న మంగళవారం కూడా వేయించుకుపోయారు. ఆ అచ్చు చూసి ఏమనుకున్నారో అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఒకటి నా స్టూడియో గోడకుంది. అటు వస్తే చూసి మీకేం కనబడుతుందో చెప్పండి, మీకు పుణ్యముంటుంది.

పురానాపూల్ దాకా పాడె మోసిన వాళ్లలో భాయ్ ఉన్నాడు. మూసీ ఒడ్డున పక్కకు తీసుకెళ్లి అడిగేశాను.

"నీ కొలువు పోగొట్టిన మనిషిని ఎట్ల మోసినవ్ భాయ్?"

అతను చేత్తో భుజం రుద్దుకున్నాడు.

"దేవిడీల అందరు నేను అమ్ముకున్ననన్నరు. కండ్లార చూసినట్టె చెప్పిన్రు. తెలవదు అన్నది ఆయన ఒక్కడే."

నాకు అప్పుడొచ్చింది ఏడుపు. చితి పొగ పైకి లేచింది. గద్దలు తిరుగుతున్నాయి. వాటన్నిటికీ పైన, వేరుగా, ఒక చుక్క.

"భాయ్, డేగనా అది?"

అతను కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"తెలవదు" అన్నాడు.

పొగ కళ్లలో పడుతున్నా, ఇద్దరం తల దించకుండా అలాగే నిలబడ్డాం.