ప్రత్యేక సౌకర్యం వద్దన్నాను

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి అభిప్రాయాలు ఎక్కువ, వాటిని వినేవాళ్లు తక్కువ. నా దురదృష్టం ఏమిటంటే, ఆ రోజుల్లో నా మాటలను ఒకాయన శ్రద్ధగా విన్నారు. దొరవారిసత్రం దగ్గర వరి పండించుకునే ఇంటి నుంచి వచ్చి, పీజీతోపాటు స్త్రీవాదం కూడా పూర్తి చేసి (రెండింటిలోనూ ఫస్టు క్లాసేనని నా నమ్మకం), ముత్తుకూరులో ఓడ సరుకుల కాగితాలు చూసే ఒక చిన్న ఆఫీసులో చేరాను. అక్కడ ఆడవాళ్లం ముగ్గురం: నేను, కంప్యూటర్ దగ్గర కూర్చునే చిన్నక్క, ఊడ్చి తుడిచే పెద్దక్క. చిన్నక్కకు అప్పుడు ఏడో నెల. మేనేజరు గారు ప్రతిదానికీ గోడ మీద నోటీసు అంటించేవారు కాబట్టి ఆయన మాకు నోటీసు సారు (ఆ సంగతి ఆయనకు తెలుసు; దాని మీద మాత్రం నోటీసు వేయలేదు).

మహిళా దినోత్సవం నాడు సారు మాకు తలా ఒక గులాబీ ఇచ్చి, నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. నేను నలభై నిమిషాలు మాట్లాడాను. "ఆడవాళ్లమని మాకు ఏ ప్రత్యేక సౌకర్యమూ వద్దు సార్, అందరితో సమానంగా చూస్తే చాలు!" అని బల్ల చరిచి ముగించాను. సారు కళ్లు చెమర్చాయి. పెద్దక్క మాత్రం అప్పటికే టీ గ్లాసులు కడగడానికి వెళ్లిపోయింది.

మూడో రోజున నోటీసు పడింది. సిబ్బంది కోరిక మేరకు స్త్రీల ప్రత్యేక బాత్రూమును తీసివేసి పాత ఫైళ్ల గదిగా మార్చడమైనదట. ఇకపై అందరూ ఉన్న ఒక్కదానినే సమానంగా వాడుకోవచ్చునట. ఆ ఒక్కదానికి గడియ లేదు, ముందు మగవాళ్ల వరస ఎప్పుడూ తరగదు. దాంతో రోడ్డు అవతల ఉన్న పెద్దక్క చెల్లెలి ఇల్లే మాకు దిక్కయింది. పోర్టు నుంచి వచ్చే బొగ్గు లారీలు ఆగితే గానీ దాటలేం.

"ఏం చెప్పినావు పాపా ఆయనకి?" అని రోడ్డు పక్కన నిలబడి పెద్దక్క నిదానంగా అడిగింది.

"సమానత్వం గురించి చెప్పానక్కా."

"దానికి బాత్రూమెందుకు తీసేసినాడు?"

సిద్ధాంతం వివరించడం మొదలుపెట్టాను. ఆమె ఓపికగా విని, "సరే, లారీలు పోయినాయి, రా" అంది.

చిన్నక్క ఆ రోడ్డు దాటలేక నీళ్లు తాగడం మానేసింది. ఒక మధ్యాహ్నం కళ్లు తిరిగి కీబోర్డు మీదికి వాలిపోయింది. ఆమె ముఖం మీద నీళ్లు చల్లాను. నా తెలివి మీద నాకు మొదటిసారి అనుమానం కలిగింది. సారు దగ్గరికి పరుగెత్తాను. "మీరే కదమ్మా వద్దన్నారు?" అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయి, కాగితం మీద రాసివ్వమన్నారు. నాలుగు పేజీలు రాశాను (మొదటి రెండు పేజీలు స్త్రీల హక్కుల చరిత్ర). పెద్దక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఆయన ఇది చదివేలోపల ఆ బిడ్డకి కాన్పయిపోతాది. రేపు పొద్దున్నే రా, ఆ ఫైళ్ల పెట్టెలు ఒక పక్క పట్టుకో."

మరునాడు ఆఫీసుకు ఎవరూ రాకముందే ఫైళ్ల పెట్టెలన్నీ మోసుకెళ్లి సారు కుర్చీ చుట్టూ పేర్చాం. ఆయన వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయారు. "ఎవరు చేశారిది?" అన్నారు. ఉద్యోగం పోతుందని తెలుసు. జవాబు రాత్రే బట్టీ పట్టాను. అందులో మొదటి వాక్యం గుర్తు తెచ్చుకుంటుండగానే పెద్దక్క ముందుకొచ్చింది.

"నేనే సార్," అంది పెద్దక్క. "ఈ పాప ఒక పక్క పట్టుకునింది. కాయితాలు మీవి, మీకాడే ఉండనీండి. ఆ బిడ్డకి నీళ్లు తాగే పనుంది."

సారు పెట్టెల వైపు, చిన్నక్క వైపు చూశారు. తర్వాత గోడ దగ్గరికి వెళ్లి నోటీసును జాగ్రత్తగా, చిరగకుండా పీకారు.

ఇప్పుడు నేనూ ఒక ఆఫీసులో మేనేజరునే. కొత్తగా చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు "మేడమ్, మీరు ఫెమినిస్టా?" అని అడుగుతారు. అవునంటాను. ఇంకేదో చెబుతానని ఎదురుచూస్తారు. "ఇక్కడ మీకేమైనా ఇబ్బందిగా ఉందా?" అని అడిగి, వాళ్లు చెప్పేది రాసుకుంటాను. వాళ్ల ముఖాల్లో కాస్త నిరాశ కనిపిస్తుంది. నిజమే మరి, ఆ ఇరవై మూడేళ్ల పిల్లయితే ఎంత చక్కగా మాట్లాడేదో!