నాకు అయిపోయిందని నొక్కక్కా

దెయ్యాల మాట ఎత్తితే నవ్వే మనిషిని నేను. చిన్నప్పటి నుంచి చీకటితోనే పొలానికి పోయినదాన్ని. సమాధుల పక్క డొంకలో గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒక్కదాన్నే నడిచినదాన్ని. ఎప్పుడూ ఏదీ నా వెంట రాలేదు. చనిపోయినవాళ్లు ప్రభువు దగ్గర విశ్రాంతిలో ఉంటారని మా పాస్టరు గారు చెబుతారు, నేను అదే నమ్మాను. ఇప్పుడు ఇది రాస్తున్నది ఎవరినీ భయపెట్టడానికి కాదు. ఆ నమ్మకం నాకు లేకుండా పోయింది, ఎలా పోయిందో చెప్పాలని.

మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లె. చలి తగ్గిన దగ్గర నుంచి ఎండలు ముదిరేదాకా మిరపకోతకి పోతాం. దీనమ్మ నా తోటికోడలు, మా మరిది భార్య. మరిది పోయి ఆరేళ్లయింది. పిల్లలు లేరు. మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. పొద్దున నేను లేచిన చప్పుడుకి తను లేచేది.

పోయినేడు కోతలు మొదలైనప్పుడు యూనివర్సిటీలో చదువుకునే అమ్మాయి ఒకామె మా పేటకి వచ్చింది. పేరు లావణ్య. కూలికి పోయే ఆడవాళ్ల రోజంతా ఏ పనికి ఎంతసేపు పోతుందో తెలుసుకోవాలని వచ్చానంది. కొందరి చేతులకి స్మార్ట్ వాచీలు పెట్టింది. నలభై మూడేళ్లప్పుడు మా పాస్టరమ్మ గారు నాకు అక్షరాలు నేర్పారు, అందుకని లావణ్య దీనమ్మ వాచీని కూడా నా ఫోనుకే కలిపింది.

వాచీలో రంగురంగుల బొత్తాలు ఉండేవి. నీలం నీళ్లు, ఆకుపచ్చ వంట, ఎరుపు కోత, తెలుపు చర్చి. ఒకటి నొక్కితే ఫోనులోని పట్టికలో ఒక వరస పడుతుంది. పేరు, పని, మొదలు, ముగింపు. ఇంకో పని నొక్కగానే ముందు పనికి ముగింపు దానంతట అదే పడుతుంది.

ఇంకొకటి విశ్రాంతి అని పెడతానంది లావణ్య. దీనమ్మ నవ్వింది.

"విశ్రాంతా? అది సమాధి మీద రాసే మాట గదమ్మా. మాకిప్పుడెందుకు?"

మరి రాత్రి నడుం వాల్చేటప్పుడు ఏమంటారని అడిగింది ఆ అమ్మాయి. ఏముంది, ఈ పూటకి అయిపోయింది అంటామని చెప్పింది దీనమ్మ. దాంతో 'అయిపోయింది' అని బూడిద రంగు బొత్తం పెట్టింది. అది నొక్కితే ఇక ఆ రోజుకి ఏమీ నడవదు.

ఆ బొత్తం రెండో పేజీలో ఉండేది. వేలితో అద్దాన్ని పక్కకి జరిపితే గానీ కనపడదు. కోతకి పోయేవాళ్ల వేళ్లు పగిలి గరుకుగా ఉంటాయి, దీనమ్మ జరిపితే అద్దం కదిలేది కాదు. రెండు రోజులు తంటాలు పడి వదిలేసింది. రోజూ వంట కాగానే మా గడప దగ్గరికి వచ్చి ఎడమ చెయ్యి చాపేది.

"నాకు అయిపోయిందని నొక్కక్కా."

నేను నొక్కేదాన్ని. వేలు తడి చేసుకుంటే కదులుతుంది, ఆమెకి కూడా నేర్పమని లావణ్య రెండుసార్లు చెప్పింది. నేను నేర్పలేదు. నాకు అక్షరాలొచ్చు, ఆమెకి రావు, రోజూ నా దగ్గరికి రావడం నాకు బాగుండేది. నిజం చెప్పాలంటే అంతే.

ఎండలు ముదిరాక ఒక రోజు మధ్యాహ్నం రెండు దాటింది. దీనమ్మ సాలు మధ్యలో కూలబడింది. నడుముకి కట్టిన ఒడి నిండా కాయలు, అవి కూడా విప్పలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. వడదెబ్బ అన్నారు. పొద్దు వాలేసరికి పోయింది.

పోయేటప్పుడు ఆమె ఎడమ చెయ్యి నా చేతిలోనే ఉంది. నొక్కాలన్న ఆలోచనే రాలేదు.

నర్సమ్మ వాచీ, జడపిన్నులు ఒక కవర్లో వేసి నాకిచ్చింది. వాచీ అప్పటికే ఆరిపోయి ఉంది. ఆ కవరును అలాగే నా ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా బొడ్లోనే ఉంటుంది.

సమాధి అయిన నాలుగో రోజు మళ్లీ కోతకి పోయాను. మధ్యాహ్నం అన్నం తిని, నా వరసలు సరిగ్గా పడుతున్నాయో లేదోనని ఫోను తీశాను. నా పేరు కింద ఆమె పేరు ఉంది.

దీనమ్మ, నీళ్లు, 4:50. దీనమ్మ, వంట, 5:15. దీనమ్మ, కోత, 6:41. ముగింపు ఖాళీ. అంటే ఇంకా నడుస్తోంది.

పైకి జరిపి చూస్తే నిన్నటివీ ఉన్నాయి, మొన్నటివీ ఉన్నాయి. సమాధి చేసిన రోజువీ ఉన్నాయి.

ఇంటికి వచ్చీ రాగానే పెట్టె తీశాను. కవరు ముడి నేను వేసిందే. వాచీ నల్లగా, చల్లగా ఉంది. ఛార్జర్ మా ఇద్దరికీ ఒకటే, అది నా గూట్లోనే ఉంది.

లావణ్యకి ఫోన్ చేశాను. పాత వరసలు ఒక్కోసారి ఆలస్యంగా వస్తాయని చెప్పింది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ మరుసటి వారం ఒక రోజు అకాల వర్షం పడి ఎవరం పనికి పోలేదు. ఆ రోజు ఆమెకి కోత పడలేదు. నీళ్లు, వంట, అంతే. ఆదివారం చర్చి పడింది. ఆ ఆదివారం నా పక్కన ఆమె కూర్చునే చోట చాప ఖాళీగానే ఉంది, నేను చూస్తూనే ఉన్నాను.

ఇంకో రోజు మమ్మల్ని కూలికి తీసుకుపోయే మేస్త్రీ దూరపు చేనుకి ఒప్పుకున్నాడు. ఆటో దిగి నేను కోత నొక్కేసరికి 7:25. ఆమెది 7:26. బతికున్నప్పుడూ ఒక్క నిమిషమే తేడా. నేను నొక్కింది చూసి తను నొక్కేది.

ఆ రోజు నుంచి ఆటోలో నా పక్కన కొంచెం చోటు వదిలి కూర్చున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఒక పొద్దున ఐదింటికి ముందే లేచి ఆమె ఇంటి తాళం తీసి చూశాను. పొయ్యిలో బూడిద ఆమె పోయిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. బిందెలో చుక్క లేదు. గడప దాటి బయటికి వచ్చి ఫోను చూస్తే నీళ్లు, 4:50.

వీటన్నిటికన్నా నన్ను తినేసింది ఇంకొకటి ఉంది. ఒక్క రోజు కూడా ఆమె పేరు మీద 'అయిపోయింది' పడలేదు. సాయంత్రం ఆరు దాటాక వంట మొదలయ్యేది, దాని ముగింపు తెల్లారి 4:50 అని ఉండేది. రాత్రంతా పొయ్యి దగ్గరే నిలబడ్డట్టు.

ఆమెకి ఆ బొత్తం దొరకడం లేదు. నేను నేర్పలేదు.

వాచీకి ఛార్జింగ్ పెట్టాను. పొద్దు గూకాక గడప మీద కూర్చుని, వేలు తడి చేసుకుని, పక్కకి జరిపి నొక్కాను. దీనమ్మ, అయిపోయింది, 6:52. ఆ వరస పడగానే ఏడుపు ఆగలేదు. తెల్లారి మళ్లీ నీళ్లు, 4:50.

అప్పటి నుంచి రోజూ సాయంత్రం నొక్కాను. ఆ రాత్రి మటుకు ఏమీ నడిచేది కాదు. పొద్దున మామూలే.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక సమాధి దగ్గరికి పోయాను. "దీనమ్మా, వేలు తడి చేసుకో. అద్దం పక్కకి జరుపు. బూడిద రంగుది, ఒక్కటే ఉంటుంది" అని చెప్పాను. మట్టి మీద వేలితో 'అయిపోయింది' అని కూడా రాశాను. రాసి లేచాక గుర్తొచ్చింది, ఆమెకి అక్షరాలు రావని.

పాస్టరు గారికి ఫోను చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. ప్రార్థన చేద్దామమ్మా అన్నారు, చేశారు. మరుసటి ఆదివారం విశ్రాంతి గురించి ప్రసంగం చెప్పాల్సింది, చెప్పలేదు.

కోతలు అయిపోయాక వాచీలు తీసుకుపోవడానికి లావణ్య వచ్చింది. తన కంప్యూటర్లో కూడా ఆ వరసలు చూసిందట. దీనమ్మ వాచీ నంబరు నుంచే వచ్చాయట. అంతకన్నా ఏమీ తెలియలేదంది. దీనమ్మ పోయిన రోజు తర్వాతి వరసలన్నీ తప్పు కింద తీసేస్తానని చెప్పింది.

"తీసెయ్యండమ్మా. ఆ వాచీ ఒక్కటీ నాకిచ్చిపోండి. సాయంత్రం ఆమెకి ఎవరు నొక్కుతారు?" అన్నాను.

లెక్క ప్రకారం అన్నీ తిరిగి ఇచ్చెయ్యాలంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయి. నా చేతుల్లోంచి నెమ్మదిగా తీసుకుని, వాచీ ఆపేసి, సంచిలో వేసుకుంది. మధ్యాహ్నం బస్సుకి గుంటూరు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఆరున్నరకి ఫోను చూశాను. దీనమ్మ, వంట, 6:10. ముగింపు గడి ఖాళీ. తెల్లారి తీస్తే పట్టికే లేదు. ప్రాజెక్టు మూసేశారట.

ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. చదువుకున్నవాళ్లని అడిగాను, ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు, ఏదీ నా 7:25కీ ఆమె 7:26కీ సరిపోలేదు. ఈ ఏడు కోతలు మళ్లీ మొదలయ్యాయి. ఆటోలో చోటు వదిలే కూర్చుంటున్నాను. పొద్దు గూకాక వంట ముగించుకుని గడప మీదకి వస్తాను. పక్కింటి వైపు నుంచి చెయ్యి చాపి నిలబడ్డట్టే ఉంటుంది. నొక్కడానికి నా దగ్గర ఏమీ లేదు.