మా అత్త ఎక్కిన తిరుగుడు కుర్చీ

కొత్త కోడలికి కళ్ళు తిరిగితే మా ఊళ్ళో ఒకటే అర్థం. అందుకని ఆ తెల్లవారుజామున నేను పక్క మీద కుడివైపు ఒత్తిగిల్లి, ఇంటి వాసాలన్నీ గిర్రున తిరుగుతుంటే "అమ్మో" అని మంచం పట్టె పట్టుకుని అరిచినప్పుడు, మా అత్త నా ఒళ్ళు చూడలేదు, నాడి చూడలేదు. నేరుగా వీధిలోకి పోయి నాలుగిళ్ళవాళ్ళకీ చెప్పేసి వచ్చింది. పొద్దెక్కేసరికి మా అరుగు మీద పచ్చి చింతకాయలు పోగుపడ్డాయి. నాకు అలాంటిదేమీ లేదని నాకు తెలుసు. కానీ చింతకాయలంటే ప్రాణం. ఉప్పూ కారం అద్దుకుని అన్నీ తినేదాకా నోరు విప్పలేదు.

విప్పాక మా అత్త మొహం చూడాలి. ఆఖరి బంతిలో కూర్చున్నవాళ్ళకి గారెలు అయిపోయాయని చెబితే మొహాలు అలాగే ఉంటాయి.

"మరి కళ్ళెందుకు తిరిగేయే?" అంది.

"నాకేటి తెల్సు అత్తా?" అన్నాను.

తెలియకపోతే ఊరుకునే మనిషి కాదు మా అత్త. కారణం తనే కనిపెట్టింది.

మా ఇల్లు చోడవరంలో రోలుగుంట పోయే దారి మొదట్లో ఉండేది. ఇంటి వెనక చెరుకు తోట, తోట పక్కన గానుగ. గోవాడలో పంచదార ఫ్యాక్టరీ ఇంకా రాని రోజులు, ఎవరి చెరుకు వాళ్ళే ఆడించి, రసం పెద్ద పెనంలో కాచి బెల్లం వండుకునేవాళ్ళం. గానుగంటే నిలబెట్టిన ఇనప రోళ్ళు, వాటి నెత్తిన అడ్డంగా ఒక పొడుగాటి కర్ర, ఆ కర్ర చివర ఎద్దులు. ఎద్దులు చుట్టూ తిరుగుతుంటే రోళ్ళ మధ్య చెరుకు నలిగి రసం కారుతుంది. తోలేవాడు నడవనైనా నడవచ్చు, కర్ర మీద కూర్చుని తిరగనైనా తిరగచ్చు. కోడళ్ళు కూర్చోకూడదని ఎక్కడా రాసి లేదు కదా. మా ఆయన తోలుతుంటే నేను కర్రెక్కి, కాళ్ళు ఊపుకుంటూ, చెరుకు ముక్క నములుతూ తిరిగేదాన్ని. ఆయన మాటకారి కాదు. చుట్టు చుట్టుకీ ఒకసారి వెనక్కి చూసి నవ్వేవాడు, అంతే. ఆ నవ్వు కోసం సంక్రాంతి దాకా తిరగమన్నా తిరిగేదాన్ని.

"కర్రెక్కి కూకుని తిరిగీసేవు. తిరుగుడంతా ఒంట్లో ఉండిపోనాది. ఇంకేటి రోగం!" అని తేల్చేసింది అత్త.

మందు కూడా తనదే. పురి ఎక్కిన తాడుని ఎదురు తిప్పి విప్పినట్టు, నన్ను గానుగ చుట్టూ ఎదురు తిప్పాలి. ముందు కర్ర మీదే తిప్పాలని చూసింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్కవైపే తిరిగిన ఎద్దులు దానికి ఒప్పుకుంటాయా? ఒకటి కూలబడింది. రెండోది కాడి తప్పించుకుని మా ఆయన్ని గడ్డివాము దాకా ఈడ్చుకుపోయింది. ఇంక ఎద్దుల పని నాకు పడింది. పరగడుపున నేను ముందు నడవడం, తాటాకు విసనకర్ర పట్టుకుని అత్త వెనక నడవడం.

"బేగి తిరుగే, బేగి! పురి ఇప్పాల!"

రసం తాగడానికొచ్చిన వాళ్ళంతా చెరుకు మోపుల మీద కూర్చుని చూసేవాళ్ళు. నాకు నవ్వాగేది కాదు. నవ్వు చూసి అత్తకి కోపం, ఆ కోపం చూసి నాకు ఇంకా నవ్వు. ఒకరోజు అలా నవ్వుతూనే తల వెనక్కి వాల్చేసరికి నేల లేచి నా మీదికి వచ్చింది. వెళ్ళి చెరుకు పిప్పి కుప్పలో పడి భళ్ళున కక్కుకున్నాను.

సరిగ్గా అప్పుడే పెద్దమావ వచ్చాడు. ఆయన మా మావగారి అన్న. మావగారు పోయాక మా ఇంటికి పెద్దదిక్కు ఆయనే. పిప్పిలో పడి గుడ్లు తిప్పుతున్న నన్ను చూసి, మీసం దువ్వుకుని ఒక్క మాట అన్నాడు.

"ఇది మూర్ఛ. కన్నోరు దాచీసి అంటగట్టేరు. గుంటని ఆళ్ళింటికాడ దించీసి రండి."

నా నవ్వు ఆగిపోయింది. ఆ రోజుల్లో మూర్ఛ అన్న మాట ఒకసారి మీద పడితే ఆడదాని కాపురం అక్కడితో సరి. నాకు కన్నవారింటికి పోవాలని లేదు. నాకు ఆ గానుగ కావాలి. వెనక్కి చూసి నవ్వే ఆ మనిషి కావాలి. విసనకర్ర పట్టుకుని నన్ను తరిమే అత్త కూడా కావాలి.

అత్త తల మీద కొంగు లాక్కుని బెల్లం వండే పాక స్తంభం చాటుకి పోయింది. పెద్దమావ ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు ఆవిడకి లేదు.

"తెలీకండా ఎలగ దించీడం బావగోరూ? ఇశాపట్నం పెద్దాసుపత్రిలో ఈ రోగానికి తిరుగుడు కుర్చీ ఉందని మన ఊరి కంపౌండరు బాబు సెప్పేడు. ఒకపాలి సూపించీసి వత్తాను."

"సూపించు. మూర్ఛంటే మాత్రం ఇంటికి తేకు. అట్నుంచటే దించీసి రా."

మా కన్నవారి ఊరు అనకాపల్లి పక్కనే, దారిలోనే పడుతుంది. అందుకని నా చీరలన్నీ ఒక కోరా గుడ్డలో పెట్టి అత్తే మూట కట్టింది. ముడి మీద ముడి వేస్తూ ఒక్కసారైనా నా మొహం చూడలేదు.

బస్సులో మూట తన ఒళ్ళోనే పెట్టుకుంది. మలుపు వచ్చినప్పుడల్లా మాత్రం నోరు ఊరుకోలేదు. "డ్రైవరు బాబూ, మెల్లగ తిప్పు! నా కోడలికి పురెక్కిపోతాది!" అని అరిచేది. బస్సంతా నా వైపు చూసేది.

ఆసుపత్రిలో చెవి డాక్టరు నుదుటి మీద గుండ్రటి అద్దం కట్టుకుని ఉన్నాడు. ఆ అద్దంలో అత్త ముందు తన జుట్టు సరిచేసుకుంది. ఆయన ఓపికగా అడిగాడు. ఎప్పుడు తిరుగుతుంది? కుడివైపు ఒత్తిగిల్లితే, తల వెనక్కి వాలిస్తే. తెలివి తప్పుతుందా? లేదు. నాలుక కరుచుకున్నావా? లేదు. అప్పుడు నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడివైపు తిప్పి పట్టుకుని, చటుక్కున వెనక్కి పడుకోబెట్టాడు. తల బల్ల అంచు దాటి వేలాడింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తరువాత ఆసుపత్రి మొత్తం లేచి గానుగాడటం మొదలుపెట్టింది.

"చూడండమ్మా, కళ్ళు ఎలా ఆడుతున్నాయో!" అన్నాడు డాక్టరు. లాటరీ తగిలినవాడికైనా అంత సంతోషం ఉండదు.

అత్త వంగి నా మొహంలో మొహం పెట్టింది. "ఓలమ్మో! గుడ్లు గింగిరాలు కొట్టేత్తన్నాయి!"

కాసేపటికి దానంతట అదే ఆగింది. ఆ తరువాత కుర్చీ. మంగలి షాపు కుర్చీలాగే ఉంది గాని, కింద ఇరుసు ఉంది. నాకు సోడాబుడ్డి కళ్ళద్దాలు తగిలించి, నర్సమ్మ చేత గిరగిరా తిప్పించి, టక్కున ఆపి, డాక్టరు కళ్ళలోకి చూశాడు. ఎంత భయంలో ఉన్నా నాకు నవ్వొచ్చేసింది. కాళ్ళు ఊపాలనిపించింది. కాసేపాగి, రెండో చెవి సంగతి చూడాలని ఈసారి ఎదురువైపు తిప్పమన్నాడు.

అంతే, అత్త గంతేసింది. "నాను సెప్పినదేటి! ఎదురు తిప్పుతన్నారు! పురి ఇప్పుతన్నారు సూడే!"

నర్సమ్మ కుర్చీ వదిలేసి గోడ పట్టుకుని నవ్వింది. డాక్టరు కూడా కళ్ళు తుడుచుకుని, నన్ను దింపి, అప్పుడు చెప్పాడు. "మూర్ఛ కాదమ్మా. ఏ దెయ్యమూ కాదు. చెవి లోపల నీళ్ళు నిండిన సన్నటి గొట్టాలుంటాయి. మనిషి తూలకుండా నిలబడేది వాటి వల్లే. ఈ అమ్మాయికి కుడి చెవిలో అవి కాస్త పేచీ పెడుతున్నాయి."

నాకు ఏడుపొచ్చింది. అత్త మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు.

"చెవిలో రోగమైతే చెవి నొప్పెట్టాల గదా బాబూ? ఇంటికాడ మా బావగోరిని నమ్మించాల. నానే నమ్మలేకపోతంటే ఆయనకేటి సెప్పీది?"

"అయితే మీరెక్కండి."

అత్త మూట నా చేతికిచ్చి, కొంగు నడుముకి బిగించి, పెళ్ళిపీట ఎక్కినట్టు కుర్చీ ఎక్కింది. నర్సమ్మ తిప్పింది. బాగా తిప్పింది. ఆపింది.

"ఆపండి బాబూ, ఆపండి!" అని అరుస్తోంది అత్త.

"ఎప్పుడో ఆపేశామమ్మా."

"అబద్ధం! తిరిగిపోతన్నాది! ఒసే, ఎక్కడున్నావే? నన్నొగ్గీకే!"

రెండు చేతులతో గాల్లో వెతికి నా చెయ్యి దొరకబుచ్చుకుంది. గాజులు చిట్లేలా పట్టుకుంది. "ఒగ్గను అత్తా" అన్నాను. తిరుగుడు తగ్గిన తరువాత కూడా ఆవిడ చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. నా మొహం వైపు మాత్రం అప్పుడు చూసింది.

"ఇలగే ఉంటాదేటే నీకు?" అంది మెల్లగా.

"ఇలగే ఉంటాది."

అప్పుడు డాక్టరు వైపు తిరిగింది. "గరిటె ఆపీసినా పెనంలో రసం తిరుగుతానే ఉంటాది. చెవిలో నీళ్ళూ అంతేనా బాబూ?"

"అచ్చం అంతేనమ్మా" అన్నాడాయన. తరువాత మందుకి బదులు కసరత్తులు నేర్పాడు. కళ్ళు పైకీ కిందకీ తిప్పడం, తల అటూ ఇటూ ఆడించడం, నిమ్మకాయ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఎగరేసి పట్టడం. అప్పుడప్పుడూ మళ్ళీ రావచ్చని, వస్తే భయపడవద్దని చెప్పాడు.

తిరుగు దారిలో అనకాపల్లిలో బస్సు మారాం. మా కన్నవారి ఊరికి పోయే జట్కాలు ఎదురుగానే ఆగి ఉన్నాయి. అత్త వాటి వైపైనా చూడకుండా మూట చంకన పెట్టుకుని బస్సెక్కి, "సోడవరానికి రెండు" అంది కండక్టరుతో.

పెద్దమావ గానుగ దగ్గరే కాచుకుని ఉన్నాడు. అత్త స్తంభం చాటునుంచి చెవి సంగతంతా చెప్పింది.

"కాళ్ళు తూలుతంటే చెవంటాడేటి?" అన్నాడాయన. "నాకు తెలీదేటి? మూర్ఛే."

"అయితే ఒకపాలి ఆ కర్రెక్కండి బావగోరూ. కళ్ళు మూసుకుని కూకోండి. భయమైతే ఒగ్గీండి."

భయం అన్న మాట ఆ మీసానికి గుచ్చుకుంది. పంచె ఎగ్గట్టి, కర్రెక్కి, కళ్ళు మూసుకున్నాడు. మా ఆయన ఎద్దుల వెనక ఉన్నాడు. నోట్లోంచి మాట రాని ఆ మనిషి, పెదనాన్నంటే నిలువునా వణికే ఆ మనిషి, ముల్లుకర్ర ఎత్తి ఎద్దుల్ని పరుగెత్తించాడు. ఆ గానుగ అంత జోరుగా తిరగడం నేను ముందూ చూడలేదు, వెనకా చూడలేదు. తిప్పి తిప్పి ఆపేశాడు.

పెద్దమావ దర్జాగా దిగాడు. అడుగు ముందుకి వేస్తే పక్కకి పడింది. గాలిని పట్టుకోబోయి, గిరికీ కొట్టి, వెళ్ళి వెళ్ళి నేను పడిన పిప్పి కుప్పలోనే పడ్డాడు.

"పట్టుకోండ్రా! పడిపోతన్నాను!"

"పడిపోనారు బావగోరూ" అంది అత్త స్తంభం వెనకనుంచి. "మరి మీదీ మూర్ఛేనేటి? మిమ్మల్నెక్కడ దించీమంటారు?"

మీసానికి పిప్పి, కళ్ళు నాట్యం. ఆయన అలాగే కూర్చుని చూసీ చూసీ, పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. "చెవేనే తల్లీ, చెవే!" అన్నాడు. అందరం నవ్వాం. ముల్లుకర్ర పట్టుకున్న మా ఆయన పైకి వినబడేలా నవ్వడం నేను మొదటిసారి విన్నాను.

ఆ సాయంత్రం పెనం పొయ్యి మీదికి ఎక్కింది. రసం వడగట్టే గుడ్డ చిరిగిపోయింది, ఇంకోటి తెమ్మని ఎవరో కేకేశారు. అత్త ఇంట్లోకి పోయింది. నా మూట ముడులు పళ్ళతో విప్పి, చీరలు దండెం మీద పడేసి, ఆ కోరా గుడ్డ తెచ్చి పెనం మీద పరిచింది.

"అత్తా, అది నా మూట గుడ్డ" అన్నాను.

"అవును. ఇంక మూటకి గుడ్డ నేదు" అంది. "సూత్తావేటే? కుండట్టుకో, రసం పొయ్యి."

నేను కుండ ఎత్తి పోశాను. తెల్లటి గుడ్డంతా రసంలో తడిసి బురద రంగుకి తిరిగింది.