మాలకొండమ్మ కన్ను

నెల్లూరు ఆసుపత్రిలో ఐసీయూ ముందరి బెంచీ మీద మైపాడు మాలకొండమ్మ, చేపల గంప ముందు కూర్చున్నట్టే, కాళ్లు మడుచుకుని కూర్చునేది. అలలకు పడవ తిరగబడి అంచు తలకు తగిలిన మొగుడు పోలయ్య లోపల కళ్లు తెరవకుండా ఉన్నాడు. మెదడుకు తగిలిన దెబ్బ ఎంతో రక్తపరీక్షలో ఒక అంకెగా తెలుస్తుందనీ, ఆ అంకె దిగుతుంటే మనిషి తేరుకుంటాడని ఆశపడొచ్చనీ డాక్టరుగారు చెప్పినారు. తలకే దెబ్బ తగిలిన పక్క మంచం కుర్రాడిది రోజురోజుకీ దిగుతోంది. పోలయ్యది దిగడం లేదు. కుర్రాడి తల్లి, చిట్టమూరు పెంచలమ్మ, ఆ సంగతి అందరికీ చెప్పుకుని మురిసేది. తను తెచ్చుకున్న ఇడ్లీలో సగం మాలకొండమ్మకు పెట్టేది. మాలకొండమ్మ వాటిని తినకుండా ఆకులో చుట్టి పక్కన పెట్టేది. కుర్రాడి రక్తం సీసాతో నర్సమ్మ బయటికొస్తే చాలు, కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగేది.

ఒకనాడు పెంచలమ్మ అడిగేసింది. "ఏందమ్మే, నా బిడ్డ నెత్తురంటే అంత రోతా?"

"రోత కాదక్కా, కుళ్లు. మా రేవులో పక్కోళ్ల వల నిండితే ఓర్చుకోలేనప్పుడు ఇట్టే మొహం తిప్పుకుంటాం. ఇప్పుడు నా కన్ను మంచిది కాదు. బిడ్డకు దిష్టి తగల్తాది."

మర్నాడు పోలయ్య రక్తం సీసా బయటికొచ్చినప్పుడు పెంచలమ్మ లేచి నర్సమ్మకు అడ్డంగా నిలబడింది. "ఉండమ్మా, నన్నొకసారి చూడనీ. నా బిడ్డది దిగతా ఉంది, నాది చల్లబడిన కన్ను" అని, ఆ చిన్న సీసాను కళ్లారా చూసి పంపింది.