మీటింగు రోజు ఆగిపోయిన బండి

ఆ ఉద్యోగం చేసినన్నాళ్ళూ తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కడం, సాయంత్రం గోళ్ళ నిండా గ్రీజుతో మళ్ళీ అదే రైల్లో కూలబడడం. పక్కనావిడ ఊరుకోదు కదా, "ఏం చేస్తుంటారమ్మా?" అంటుంది. "హైస్కూలు పిల్లలకి బండి రిపేర్లు నేర్పుతానండి" అంటే నా చీర వంకా చేతుల వంకా చూసి, "ఆడవాళ్ళు కూడానా!" అంటుంది. విని విని ప్రాణం విసిగిపోయింది.

చివరి ఏడు ఆ కోర్సుకే ఎసరొచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లల్ని ఇందులో చేర్చడానికి తల్లిదండ్రులు చాలినంతమంది ఒప్పుకోకపోతే వచ్చే ఏడు మా బడిలో ఆటోమోటివ్ తీసేస్తారని బాపట్ల ఆఫీసు నుంచి కబురు. నాది కాంట్రాక్టు. కోర్సు పోతే నేనూ ఇంటికే. హెడ్మాస్టరు గారు పాపం మంచివారే. "మీటింగు పెడదామమ్మా. మీ పిల్లల చేత మన బండి స్టార్టు చేయించండి, చూస్తే వాళ్ళే ఒప్పుకుంటారు" అన్నారు. మన బండి అంటే ఎవరో దానమిచ్చిన పాత మోటారు సైకిలు. చూడ్డానికి బాగుండాలని ఆయనే అటెండరు చేత ఎర్ర రంగు వేయించి, ట్యాంకు నిండా పెట్రోలు పోయించారు.

నా క్లాసులో ఒకటే పద్ధతి. బండి మీద నా చెయ్యి పడదు. పిల్లలు వెతకాలి, నేను ప్రశ్నలు అడగాలి, అంతే. మనం చేసి చూపిస్తే చూసినంతసేపే గుర్తుంటుంది వాళ్ళకి.

ఆ రోజు జనం బాగానే వచ్చారు. నిజాంపట్నం నుంచి చేపలమ్మే ఆవిడ, ఆటో నడిపే ఆయన, పొలం పని మానుకుని వచ్చినవాళ్ళు. పదో తరగతి అమ్మాయి కిక్కు కొట్టింది. బండి అందుకుంది. అందరూ చప్పట్లు. కాసేపటికి మూలిగి ఆగిపోయింది. మళ్ళీ కొట్టింది. ఊహూఁ.

నాకు ఇట్టే తెలిసిపోయింది. ట్యాంకు మూతకి గాలి పోవడానికి సన్నటి బెజ్జం ఉంటుంది. అటెండరు మహానుభావుడు దాని మీద కూడా దిట్టంగా పూసేశాడు. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు కిందికి దిగదు. మూత ఒక్కసారి తిప్పితే చాలు, బండి నడుస్తుంది, నా ఉద్యోగం నిలుస్తుంది. చెయ్యి ఒకటే దురద. చేతులు వెనక్కి కట్టుకుని, "ఆగిపోతే ఏమేం చూడాలర్రా?" అని అడిగాను.

ప్లగ్గు విప్పారు. స్పార్కు బాగానే వస్తోంది. ఎయిర్ ఫిల్టరు ఊడదీశారు. అదీ శుభ్రంగానే ఉంది. ఎండ ముదురుతోంది. "టీచర్ గారూ, మీరో చెయ్యి వెయ్యొచ్చుగా!" అన్నాడు ఆటో ఆయన. "వెతకనివ్వండి అన్నయ్య గారూ" అన్నాను. వెనక నుంచి ఎవరో, "ఆవిడకే రాదనుకుంటా, ఇంక పిల్లలకేం చెబుతుంది" అన్నారు. తల కొట్టేసినట్టయింది. ప్రభువా, ఇంతమంది ముందా! ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. రెండూ మింగాను. ఒక్కొక్కళ్ళే లేచారు. చేపల ఆవిడ కూడా "బస్సుకి టైమైందమ్మా" అని వెళ్ళిపోయింది.

కుర్చీలన్నీ ఖాళీ అయ్యాక ఆ అమ్మాయి కార్బురేటరు దగ్గర పైపు పీకింది. రెండు చుక్కలు పడి ఆగిపోయాయి. "ట్యాంకు నిండుగా ఉందిగా, దిగదేంటి?" అని గొణుక్కుంటూ పోయి మూత తీసింది. ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది. పైపులోంచి పెట్రోలు ధార కట్టింది. మూతని ఎండకి ఎత్తి చూసి, "రంగు! బెజ్జం మీద రంగు పూసేశారు!" అని గంతేసింది. పిన్నుతో పొడిచి, పైపు తగిలించి కిక్కు కొడితే బండి ఇంక ఆగలేదు. పిల్లలు ఒకటే గోల.

హెడ్మాస్టరు గారు నా పక్కనే నిలబడి ఉన్నారు. నా గురించి బాపట్లకి రాయాల్సింది ఆయనే. ఆ అమ్మాయి పరిగెత్తుకుంటూ వచ్చింది, మొహం వెలిగిపోతోంది.

"టీచర్, ఇది మీకు ముందే తెలుసాండి?"

ఆయన కూడా నా వంక తిరిగారు.

"లేదమ్మా, నాకసలు తోచనే లేదు. నువ్వే కనిపెట్టావు" అన్నాను.