రేడియోలో పేరు

గ్రెనడా కొండవాలులో ఉండే ఇజోల్డాకు తొంభై ఆరేళ్లు. పొద్దున ఏడింటికి రేడియోలో చావు కబుర్లు చదువుతారు. ఆ వేళకు ఆవిడ జాజికాయల పళ్లెం ఒళ్లో పెట్టుకుని జాపత్రి ఒలుస్తూ కూర్చుంటుంది. తోబుట్టువులు తొమ్మిదిమందినీ ఆ రేడియో ముందే సాగనంపింది. పోయినవాళ్ల పేరు వెనకే చుట్టాల పేర్లన్నీ వస్తాయి. బతికున్నవాళ్లలో తన పేరు వినబడేదాకా ఆవిడ వేళ్లు కదలవు.

ఆవేళ తమ్ముడి కొడుకు ఆల్బన్ వంతు. "కీర్తిశేషురాలు ఇజోల్డాకు మేనల్లుడు," అని చదివారు. పళ్లెంలోంచి ఒక జాజికాయ దొర్లి గుమ్మందాకా పోయింది.

కంచె అవతలి నుంచి పొరుగింటి రూఫినా కేకేసింది. "ఏమే వెర్లిన్, మీ అమ్మ ఎప్పుడు పోయింది? మాటైనా చెప్పలేదే!"

"ఇంకా పోలేదే! కోకో మరుగుతోంది, వచ్చి తాగిపో," అంది ముసలమ్మ.

డెబ్భై ఏళ్ల కూతురు వెర్లిన్ ఫోను అందుకుంది. "ఉండమ్మా, ఆ చదివినవాణ్ణి దులిపేస్తాను."

"తిట్టకే, వాడికి కోపం తెప్పించకు." ఇజోల్డా కూతురి చెయ్యి పట్టుకుంది. "ఒకసారి చదివేశారు కదే. నేను నిజంగా పోయిననాడు, ఈవిడది అయిపోయిందిగా అని వదిలేస్తే?"