రాజు వచ్చిందా

మా ఇంట్లో టీవీ పక్కన గాజు ట్రోఫీ ఒకటి ఉంది. పేకముక్కలు చెక్కిన బిళ్ళ, కింద నల్లటి పీట. ఇంటికొచ్చినవాళ్ళు ఏమిటని అడిగితే, పోకర్ క్రూజ్‌లో మా ఆయన ఫస్ట్ వచ్చారని మా ఆవిడ గర్వంగా చెబుతుంది. ఆమె ఆ మాట మొదలుపెట్టగానే నేను టీ పెట్టే వంకతో వంటింట్లోకి జారుకుంటాను. చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారే, ఇన్నేళ్ళూ ఆ రెంటి మధ్యా నలిగాను. ఇప్పుడు మానం సంగతి తర్వాత చూసుకుందామని రాస్తున్నాను.

రెండు వేల ఆరో, ఏడో. అప్పుడు మేం ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. శనివారం వస్తే నలుగురం చేరి రమ్మీ ఆడేవాళ్ళం. ఆ రోజుల్లో టీవీ ఎప్పుడు పెట్టినా పోకరే. నల్లకళ్ళద్దాల వాళ్ళు చిప్స్ అనే పందెం బిళ్ళలు ముందుకు తోస్తూ కనిపించేవారు. మేమూ రమ్మీ మానేసి అందులో పడ్డాం. ఆట మారింది గానీ మా అలవాట్లు మారలేదు. మా రమ్మీలో ముక్కలు పడేసినవాడికి నోరు ఎక్కువ. లేచి అందరి వెనకా తిరుగుతాడు, "ఆసులు అయిపోయాయిరా, దానికోసం కూర్చోకు" అని సలహాలిస్తాడు. ఎవరూ ఏమీ అనుకోరు. పకోడీలు తింటూ ఆడే ఆట, అందులో గుట్టేముంటుంది?

మా నలుగురిలో నాకు బాగా దగ్గరివాణ్ణి నేను బావా అంటాను. చుట్టరికం ఏమీ లేదు. ఎమ్మెస్ చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్నాం, అప్పటినుంచీ ఒకరినొకరం అలాగే పిలుచుకుంటాం. గాల్వెస్టన్ రేవు నుంచి అయిదు రోజుల పోకర్ క్రూజ్ ఉందని వాడే కనిపెట్టాడు. పగలంతా పోకర్ టోర్నమెంట్లు, ఆడనివాళ్ళకి స్విమ్మింగ్ పూలూ, మెక్సికో తీరంలో ఒక రోజు షికారూ. నేనూ మా ఆవిడా, వాడూ వాళ్ళావిడా, నాలుగు టికెట్లు బుక్ చేశాం.

ఓడ ఎక్కేచోటే నాకు చిర్రెత్తింది. మా ఆవిడ చీరల మధ్య దాచిన రైస్ కుక్కర్‌ని స్కానర్‌లో పట్టుకుని, తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకోండని పక్కన పెట్టేశారు. ఆ కోపంలోనే పోకర్ హాల్‌కి వెళ్తే, టోర్నమెంట్ నడిపే ఆయన రూల్స్ చదువుతున్నాడు. ఆటలో ఉన్నప్పుడు ఇంగ్లీష్ తప్ప మరో భాష మాట్లాడకూడదట.

"చూశావా బావా, మన భాష మీద కూడా ఆంక్షలే!" అన్నాను.

"వదిలెయ్ బావా, ఆడదాం పద" అన్నాడు వాడు.

నేను వదల్లేదు. ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో పిల్లలకి తెలుగు నేర్పేవాణ్ణి మరి. మాట్లాడకపోతే భాష చచ్చిపోతుందని తల్లిదండ్రులకి క్లాసులు పీకేవాణ్ణి. అందుకని వెళ్ళి ఆ నడిపే ఆయనతో వాదన పెట్టుకున్నాను. ఆయన ఓపిగ్గా విని, "ఇది మీ గౌరవం గురించి కాదు సార్, మిగతావాళ్ళ రక్షణ గురించి" అన్నాడు. ఆ మాట నాకు అప్పుడు చెవికెక్కలేదు.

మొదటి రోజు నా పక్క కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుంది. డెబ్భై దాటి ఉంటాయి. అర్కన్సాలో ఏదో చిన్న ఊళ్ళో స్కూలు వంటశాలలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైర్ అయిందట. నేను చిప్స్ గిరాటేస్తుంటే, "అలా విసరకూడదు హనీ, వరసగా పేర్చి ముందుకు జరపాలి" అని నేర్పింది. ఓడ ఊగి నాకు కడుపులో తిప్పుతుంటే అల్లం బిళ్ళలు ఇచ్చింది. ఆవిడ తన ముక్కల మీద ఒక గోధుమరంగు కోటు బొత్తాం పెట్టుకునేది. ముక్కలు చెదరకుండా ఏదో ఒక వస్తువు పెట్టుకోవడం పోకర్‌లో అలవాటే. ఆ బొత్తాం వాళ్ళాయన కోటుది.

ఆయనా ఆవిడా ఏటా ఈ క్రూజ్‌కి వచ్చేవారట. ఈసారి ఇద్దరికీ డబ్బు కట్టేశాక ఆయన పోయాడు. "ఇక నా ఒక్కదాని పెన్షన్‌తో రావడం కుదరదు, ఇదే ఆఖరు" అంది. "గెలిస్తే తప్ప." చివరి రోజు టోర్నమెంట్‌లో ఫస్ట్ వచ్చినవాళ్ళకి వచ్చే ఏడాది క్రూజ్ ఉచితం, ఇద్దరికి. "గెలిస్తే మా చెల్లెల్ని తీసుకొస్తా. దానికి అరవై ఎనిమిదేళ్ళు, ఇంతవరకూ సముద్రం చూడలేదు" అని, చూడనిది తానే అన్నంత సిగ్గుపడుతూ నవ్వింది.

ఇంకో మనిషి గురించి కూడా చెప్పాలి. మా టేబుళ్ళ దగ్గర ఒక ఇండియన్ అమ్మాయి కూడా ఆడుతుండేది. ఇరవై మూడు, ఇరవై నాలుగు ఉంటాయి. బేస్‌బాల్ టోపీ, నిక్కరు, అచ్చం ఇక్కడి పిల్లల మాట. బావ హిందీలో పలకరిస్తే అర్థం కానట్టు చూసి, నేపర్‌విల్ నుంచి వచ్చానని ఇంగ్లీష్‌లో చెప్పింది. "గుజరాతీ పిల్ల అయ్యుంటుంది" అని తీర్మానించాడు వాడు. అవునన్నాను. మన పిల్లలు పేకాటకి ఎందుకొస్తారని నా ధీమా. ఆ మన పిల్లల తండ్రులమే పేకాడుతున్నామని తట్టలేదు.

చివరి రోజు మధ్యాహ్నం టోర్నమెంట్. అరవైమందితో మొదలై, ఒక్కొక్కరే లేచిపోయి, చివరికి ముగ్గురం మిగిలాం. నేను, బావ, పెద్దావిడ. ఆ అమ్మాయి ఆరో స్థానంలో ఓడిపోయి, టేబుల్ చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడి చూస్తోంది. పెద్దావిడ అటు తిరిగి ఆమెకి కన్ను కొట్టింది.

ఆ ఆట ఒక్కటీ నాకు ముక్క ముక్కా గుర్తుంది. నా చేతిలో రెండు పదులు. బావ తన రెండు ముక్కలూ చూసి, మొదట్లోనే పడేశాడు. పెద్దావిడా నేనూ మిగిలాం. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా పరిచిన ముక్కల్లో రెండు రాజులు పడ్డాయి. ఆవిడ కాసేపు ఆలోచించి, బొత్తాం సర్దుకుని, తన చిప్స్ అన్నీ పేర్చి ముందుకు జరిపింది. ఆవిడ చేతిలో ఇంకో రాజు ఉంటే నా పదులు ఎందుకూ పనికిరావు. లేకపోతే ఉత్తి బెదిరింపు, ఆవిడ పని అయిపోయినట్టే. తేల్చుకోలేక బుర్ర గోక్కున్నాను. అప్పుడు నా నోటినుంచి, శనివారం పకోడీల దగ్గర వచ్చినంత తేలిగ్గా, మాట వచ్చేసింది.

"బావా, నీకు రాజు వచ్చిందా?"

"వచ్చింది, పడేశా" అన్నాడు వాడు, అంతే తేలిగ్గా.

ముక్కలు పంచే ఆవిడ చెయ్యి ఎత్తింది. "ఇంగ్లీష్ ప్లీజ్. ఏమన్నారు మీరు?"

అంతవరకూ అలవాటు. అలవాటు కొద్దీ చేసిన తప్పు కొంతవరకైనా క్షమించొచ్చు. ఆ తర్వాతిది అలవాటు కాదు. రాజుల్లో మూడు ఎక్కడున్నాయో నాకిప్పుడు తెలుసు, మిగిలింది ఒక్కటే. పొరపాటైంది, నా ముక్కలు పడేస్తున్నాను అని చెప్పి ఉంటే ఆట అక్కడితో శుభ్రంగా ముగిసేది. నేను నవ్వి, "గుడ్ లక్ చెప్పుకున్నాం" అన్నాను.

"అబ్బ, ఎంత బాగుందో!" అంది పెద్దావిడ. "తర్వాత నాకూ నేర్పాలి."

మళ్ళీ జరిగితే పెనాల్టీ అని హెచ్చరించి ఆట సాగనిచ్చారు. నేను కాల్ అని, ఆవిడ పందేనికి సరిపడా చిప్స్ ముందుకు జరిపాను. ఆవిడ ఆసు, రాణి తిప్పింది. రాజు లేదు. నా పదులు చూసి "భలే ధైర్యం హనీ, నేనైతే పడేసేదాన్ని" అని చెయ్యి కలిపింది. బొత్తాం తీసి పర్సు జిప్పు అరలో వేసుకుంది. తర్వాత బావతో నాలుగు ఆటల్లో అయిపోయింది. ట్రోఫీ ఇచ్చారు, ఫొటో తీశారు. ఫొటోలో నేను బాగానే నవ్వుతున్నాను.

కాఫీ మెషిన్ దగ్గర ఆ అమ్మాయి నా పక్కకి వచ్చి నిలబడింది.

"అంకుల్" అంది. తర్వాత మా ఆదివారం పిల్లల యాసలోనే, ఒక్కో మాటా వెతుక్కుంటూ, "మీరు రాజు వచ్చిందా అని అడిగారు. ఆ అంకుల్ వచ్చింది, పడేశా అన్నారు. అది గుడ్ లక్ కాదు" అంది.

అప్పుడు నేనన్న మొదటి మాట ఏమిటో తెలుసా? "ఏ ఊరమ్మా మీది?"

"నేపర్‌విల్."

"అది కాదు తల్లీ, మీ నాన్నగారిది?"

"తెనాలి."

"చూశావా, మనవాళ్ళమే! మనలో మనకి ఏమిటమ్మా?"

ఆ పిల్ల ముఖంలో ఏమీ మారలేదు. "మీరు వెళ్ళి వాళ్ళకి చెప్పండి అంకుల్, ప్లీజ్. మీరు పెద్దవాళ్ళు, నేను కంప్లైంట్ చేస్తే బాగోదు. కానీ ఆ గ్రాండ్‌మా వాళ్ళ సిస్టర్‌ని తీసుకురావాలి అని చెప్పింది. నాకు చెప్పింది."

నాకూ చెప్పింది. ఆ మాట అనకుండా, గొంతు తగ్గించి, ముఖం దీనంగా పెట్టి అన్నాను. "నేనింకా హెచ్-1 మీదే ఉన్నానమ్మా. ఇక్కడ చీటింగ్ అని ఏదైనా రాశారంటే నా గ్రీన్ కార్డ్ ప్రాసెస్ మొత్తం పోతుంది. మా ఆవిడ తట్టుకోలేదు."

నా గ్రీన్ కార్డ్ వచ్చి అప్పటికి ఆరు నెలలు. నేనా మాట అంటున్నప్పుడు అది నా పర్సులోనే ఉంది.

ఆ అమ్మాయి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "మా డాడీకి కూడా చాలా ఇయర్స్ పట్టింది. ఇమిగ్రేషన్ మెయిల్ వచ్చినప్పుడల్లా అమ్మ ఏడ్చేది" అంది. కళ్ళు తుడుచుకుని, "సారీ అంకుల్, నాకు తెలీదు. ఎవరికీ చెప్పను" అంది.

తప్పు చేసింది నేను. సారీ చెప్పింది ఆ పిల్ల. బయటివాళ్ళతో తెలుగు మాట్లాడాలంటే యాస చూసి నవ్వుతారని మన పిల్లలు ఎంత బెదురుతారో నాకు తెలుసు, ఆ బెదురు పోగొట్టడమే ఆదివారాలు నా పని. ఆ పిల్ల ఆ బెదురు దాటి వచ్చి ఒక న్యాయమైన మాట అంది. నేను అదే భాషలో అబద్ధమాడి దాని నోరు మూయించాను. ఆ తర్వాత ఆదివారం పిల్లల చేత అక్షరాలు దిద్దిస్తుంటే నా ముఖం మీద ఉమ్మేసుకోవాలనిపించింది.

రాత్రి భోజనాల దగ్గర మా టేబుల్‌కి పెద్దావిడ వచ్చింది, అల్లం బిళ్ళల పొట్లం పట్టుకుని. నా గెలుపుకి కానుకట. "మీ గుడ్ లక్ నాకూ నేర్పమన్నానుగా?" అంది. వేరే మాట ఏదైనా చెబుదామని నోరు తెరిచాను. "రాజూ అని కదా మొదలవుతుంది?" అంది ఆవిడ. గట్టి చెవులు. మా ఆవిడ ఏదో అనబోతే బల్ల కింద కాలు తొక్కి, రుమాలు కాగితం మీద ఇంగ్లీష్ అక్షరాల్లో రాజు వచ్చిందా అని రాసిచ్చాను. బావ తల పళ్ళెంలోకి దించుకున్నాడు. తేలు కుట్టిన దొంగలం ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని పాస్తా తిన్నాం.

తెల్లారి గాల్వెస్టన్‌లో దిగడానికి పెద్ద క్యూ. నా చంకలో తువ్వాలు చుట్టిన ట్రోఫీ, మా ఆవిడ చేతిలో విడిపించుకున్న రైస్ కుక్కర్. మాకు కొంచెం ముందు ఆ అమ్మాయి నిలబడి ఉంది, మమ్మల్ని చూసి తల తిప్పుకుంది. పెద్దావిడ పెట్టె లాక్కుంటూ క్యూ పక్కగా వచ్చింది. చేతిలో నా రుమాలు కాగితం. కనబడిన ప్రతివాళ్ళకీ చెబుతోంది, "రాజూ వచిందా! రాజూ వచిందా!" అని. అందరూ నవ్వి థాంక్స్ అంటున్నారు. ఆ అమ్మాయి ఎదురుగా ఆగి, ఆమెకీ అదే మాట చెప్పింది.

ఆ అమ్మాయి కాగితం వైపు చూసింది. నా వైపు చూడలేదు. అయిపోయాను అనుకున్నాను. ఇప్పుడు చెప్పేస్తుంది, చెప్పెయ్యనీ, అని కూడా అనుకున్నాను.

"ఇంకో మాట ఉంది" అంది ఆమె ఇంగ్లీష్‌లో. "మా అమ్మమ్మ ఫోన్ పెట్టేముందు అంటుంది. ఇంకా మంచిది." బ్యాగులోంచి పెన్ను తీసి, నేను రాసిన మాట కనబడకుండా కొట్టేసి, కింద ఏదో రాసి, రెండుసార్లు పలికించింది. నా సంగతి బయటపెట్టలేదు. ఆ ముసలమ్మ నా అబద్ధాన్ని ఇంటికి మోసుకుపోకుండా మాత్రం చూసుకుంది.

పెద్దావిడ తిరిగి నన్ను చూసింది. చెయ్యి ఎత్తి, కాగితం చూసుకుంటూ, "మంచీ జరగాలీ!" అంది నాకు.

నేను తల ఊపాను.

ఆ ఉచిత టికెట్లు ఏం చేశానని మీరు అడుగుతారు. ఆవిడ పేరు కనుక్కుని పంపొచ్చు, ఓడ వాళ్ళని అడిగితే చెప్పేవారేమో. అడగలేదు. మరుసటి ఏడు నేనూ మా ఆవిడా మళ్ళీ గాల్వెస్టన్‌కి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి అదే ఓడ ఎక్కాం. హాల్లోకి అడుగుపెట్టగానే టేబుల్ టేబుల్‌కీ వెతికాను. ఆవిడ లేదు. నా పక్క కుర్చీలో ఎవరో కుర్రాడు కూర్చుని చిప్స్ గిరాటేస్తున్నాడు. నేను కుర్చీ లాక్కుని ఆడాను.